తాగడం మానిన చెక్క

సైమా సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
మోకాలి లోతు మంచులో నడిచొచ్చి
మూడో నంబరు బట్టీ తలుపు మూస్తాను.
లోపల నలభై ఘనమీటర్ల స్ప్రూస్ పలకలు,
పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు,
ఆవిరి నడిచిపోవడానికి.

మొదట నూరు డిగ్రీలు. అదేం వింత కాదు మాకు,
శనివారం సాయంత్రం సౌనాలో ఒళ్ళు కాచుకునే వేడే.
నూట ముప్పై దగ్గర చెక్కలో తడి అన్నది మిగలదు.
నూట ఎనభై దాటగానే
కొత్తగా చేరిన యల్మారి ప్రతిసారీ అడుగుతాడు:
"అంటుకోదా?"
అంటుకోవడానికి గాలి కావాలి నాయనా,
గాలి ఉండాల్సిన చోటంతా ఆవిరి నింపాం.
నిప్పు రాకుండా నీళ్ళే కాపలా.

రెండు వందల పన్నెండు.
మూడు గంటలు అక్కడే నిలబెడతాను.
అప్పుడు మారుతుంది చెక్క,
రంగు పూసినట్టు పైపైన కాదు, నడిమి దాకా.
చెట్టుగా ఉన్నప్పుడు దాచుకున్న తీపి విరిగిపోతుంది,
బంక కరిగి కారిపోతుంది,
నీటిని రా రమ్మని లోపలికి లాగే చిన్ని చిన్ని చేతులు
ఒక్కొక్కటే రాలిపోతాయి.
గొట్టం దగ్గర వెనిగర్ ఘాటు,
అడుగుమాడిన రై రొట్టె వాసన.
నా కోటుకి మా ఇంట్లోకి ప్రవేశం లేదు,
వరండాలోనే దాని కొక్కెం.

తలుపు తీసేది ఎల్లుండి.
"కాగడం కంటే చల్లారడం కష్టం," అంటాడు తౌనో,
ముప్పై ఏళ్ళుగా ఈ మీటర్లు చూస్తున్నవాడు.
తొందరపడితే పగుళ్ళే.

బయటికొచ్చిన పలక కాఫీ రంగు.
ఎత్తితే తేలిక. వేలితో కొడితే ఖంగుమంటుంది.
ఇక ఇది తాగదు.
శరదృతువు వానలన్నీ మీద కురిసినా ఉబ్బదు,
జూలై ఎండకి ముడుచుకోదు,
దీనితో చేసిన తలుపు ఏ కాలంలోనూ బిగుసుకుపోదు.
బూజు వస్తుంది, వాసన చూస్తుంది,
పొయ్యి వెలగని ఇంటికొచ్చిన చుట్టంలా
వెనక్కి పోతుంది.

కానీ ఒక మాట.
కుండ కాలితే గట్టిపడుతుంది, ఇటుక కాలితే గట్టిపడుతుంది.
చెక్క అలా కాదు.

మొన్న ఒకాయన రేవుకి దూలాలు కావాలని వచ్చాడు.
"నీళ్ళకి చెడదు కదా?"
చెడదు. విరుగుతుంది.
నమ్మలేదు.
రెండు గుర్రపు బల్లల మీద రెండు పలకలు పరిచాను,
ఒకటి పచ్చిది, ఒకటి కాలింది.
పచ్చిదాని మీద నిలబడ్డాడు: వంగింది, మూలిగింది,
దిగగానే మళ్ళీ నిటారుగా లేచింది.
కాలింది వంగలేదు. మూలగలేదు.
ఒక్కసారిగా, బిస్కెట్టులా.
ఆయన మోకాలు దులుపుకుని
"సరే, పైన పరిచే పలకలకే ఇవ్వండి," అన్నాడు.
మేకు కొట్టేముందు బెజ్జం పెట్టుకోండి, అని చెప్పాను,
నేరుగా కొడితే చీలుతుంది.

తౌనో కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూశాడు.
మందు మానేసి ఇది ఆరో ఏడు.
అంతకుముందు ప్రతి వసంతంలో, మంచు కరిగే వారంలో,
ఏ గుమ్మంలోనూ పట్టేవాడు కాదు.
ఇప్పుడు అన్ని కాలాల్లోనూ ఒకే కొలత.
అతని భార్య మిర్యా, అతను వచ్చే వేళకి గడియారం సరిచేసుకుంటుంది.
పోయిన డిసెంబర్లో మేనేజరు
వరుసగా రెండు షిఫ్టులు చెయ్యమని అడిగినప్పుడు,
తౌనో నోరు తెరిచేలోపే
కుదరదు, అన్నది నేనే.
నేను కూడా, అతన్ని ఏదైనా అడగాల్సి వస్తే
ముందు కాఫీ పోస్తాను,
సరస్సులో చేపల సంగతి ఎత్తుతాను,
కాసేపు ఆగుతాను.

విరిగిన ముక్కలు రెండూ ఏరుకున్నాడతను.
విరిగిన అంచు మీద బొటనవేలు నడిపించి చూశాడు,
ఒక్క పీచు కూడా వేలాడటం లేదు.
"సౌనాలో మెట్టుకి పనికొస్తాయి," అన్నాడు,
"ఎంత కాగినా ఒంటికి చుర్రుమనదు ఇది."
సంచీలో పెట్టుకుని
మూడో నంబరు మీటరు చూడ్డానికి వెళ్ళాడు.