డెమ్యూర్లీగా

పదో తరగతి, బి సెక్షన్, యర్రగుంట్ల.
ఫ్యాను ఉంది, కరెంటు లేదు.
పాఠంలో ఒకామె కుర్చీ అంచున కూర్చుంది.
ఎట్లా కూర్చుందో చెప్పడానికి ఒక మాట:
డెమ్యూర్లీ.

బోర్డు మీద తెలుగులో రాశాను: అణకువగా.
సుద్దపొడి దులుపుకునే లోపే
మూడో బెంచీలోంచి దస్తగిరమ్మ లేచింది.
"అణకువంటే అణగడమే కదా మేడం,
మరి అణిచినోళ్లు యాడుండారు ఈ వాక్యంలో?"

కర్త ఉంది. క్రియ ఉంది.
పేజీ తిప్పి కూడా చూశాను.

సరే అని చెరిపి, ఒద్దికగా అని రాశాను.
"ఒద్దికంటే మాకు తెలుసు మేడం.
ఒకటే రూములో ఏడుగురం పండుకుంటాం.
మా జేజి పక్కకు తిరగాలంటే
అందరం తిరగాల."
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, రొంత ఆలస్యంగా.

స్టాఫ్‌రూములో తెలుగు పండితుడు నరసింహులు సారు
వేరుశనక్కాయలు ఒలుస్తూ అన్నాడు:
"ఏముందమ్మా, కుదురుగా అని రాసెయ్.
కుండ కింద పెడతామే, ఆ కుదురు."
నిండుకుండ కింద ఆ గడ్డిచుట్ట
రాత్రంతా ఎంత బరువు మోస్తుందో
ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

డిక్షనరీ మాత్రం నిక్కచ్చిగా ఉంది:
ఎక్కువగా ఆడవాళ్ల గురించి వాడతారు.
ఎవరు వాడతారో రాయలేదు.

ఆ మాట పెట్టి సొంత వాక్యం రాసుకురమ్మన్నాను,
తెలుగులోనైనా సరే.
ముప్పై ఎనిమిది మందికి ముప్పై ఏడు నోటుబుక్కులు.
ముప్పై ఆరింటిలో పెళ్లికూతురు తల దించుకుంది.
ఒకదాంట్లో చెన్నకేశవులు వాళ్ల బర్రె
డెమ్యూర్లీగా పాలిచ్చింది.
'లీ' అంటేనే 'గా' అని ఎన్నిసార్లు చెప్పినా
ప్రతి ఒక్కరూ తోక మీద తోక తగిలిస్తారు.
ఎర్ర ఇంకుతో కొట్టుకుంటూ పోయాను.
దస్తగిరమ్మ నోటుబుక్కు రాలేదు.

గురువారం కడప నుంచి ఆఫీసరుగారు వచ్చారు.
పోయినేడు ఇంగ్లీషులో ఒక్కరూ తప్పలేదని
హెడ్మాస్టరుకు శాలువా కప్పారు.
"మేడంగారి సహకారం కూడా ఉందనుకోండి" అన్నారు.
చలికాలం పొద్దున ఏడింటికి క్లాసులు పెట్టినదాన్ని,
జ్వరంతో దిద్దిన పేపర్ల మీద నిద్రపోయినదాన్ని,
కుర్చీ అంచున
కొంగు భుజం మీదికి లాక్కుని,
చేతులు ఒళ్లో పెట్టుకుని
చిన్నగా నవ్వాను.

కింద నాపబండల మీద
బాసింపట్టు వేసుక్కూర్చున్న పిల్లల్లోంచి
రెండు కళ్లు నన్నే చూస్తున్నాయి,
ఉదాహరణ దొరికినట్టు.

సాయంత్రం పాలిష్ ఫ్యాక్టరీల మీదుగా నడిచాను.
రంపం నీళ్లు చిమ్ముతోంది.
మోకాళ్ల దాకా బూడిదరంగు బురద.
యూరియా గోతం నడుముకు చుట్టుకున్న హుసేనమ్మ
బండ దించి, నన్ను చూసి,
చేతులు వెనక దాచుకుంది.
ఏదో అంది. రంపం మోతలో వినపడలేదు.
అది ఆగినాక మళ్లీ అడిగి చెప్పించుకున్నాను:
"మా పాపకు నోరెక్కువ మేడం. ఏమనుకోవాకండి."

ఏమీ అనుకోలేదమ్మా అన్నాను.
అదీ అబద్ధమే. రెండు రోజులుగా అదే అనుకుంటున్నాను.

శనివారం, అందరూ బయటికి పోయినాక,
టేబుల్ మీద అట్ట చిరిగిన నోటుబుక్కు.
తేదీ లేదు. మార్జిన్ లేదు. ఒకటే వాక్యం.

నాపరాయి డెమ్యూర్లీగా పడుంటుంది,
తడిసేదాకా.

కుర్చీలో వెనక్కి జరిగి
వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాను.
ఎర్ర పెన్ను మూత తీశాను.
'గా' ఎక్కువ. కొట్టేయాలి.
బెల్లు కొట్టారు.
నేను కొట్టలేదు.