రెండో తూకం

పోర్టు వెనక, కాన్వెంట్ జంక్షన్ దాటాక
లారీల కాటా దగ్గర గుమస్తాని నేను.
పంతొమ్మిదేళ్ళుగా బొగ్గు, జిప్సం, ఎరువు.
నిండుగా ఒక తూకం, ఖాళీగా ఒక తూకం,
మధ్య తేడానే సరుకని
చీటీ చింపి ఇచ్చి బతికాను.

ఫిబ్రవరిలో నా కడుపులో సరుకు బయటపడింది.
నాలుగు సెంటీమీటర్లని కాగితం మీద రాశారు.
మా కాటాకి సెంటీమీటర్లు తెలీవు.

అప్పట్నుంచి నూకరత్నం
నాలుగింటికే లేస్తుంది.
జ్ఞానాపురం చర్చి వెనక పెరట్లో
సిస్టరమ్మనడిగి కోసుకొచ్చిన లక్ష్మణఫలం ఆకు,
మూడుసార్లు కడిగినా నల్లనీళ్ళే.
మా పేటలో చెట్లు కూడా బొగ్గు పీల్చే బతుకుతాయి.
ఆరు గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా
పొయ్యి ముందు పీట వేసుకుని కూచుంటుంది.
నిద్రపోతున్నట్టు పడుకుని
మరిగే చప్పుడు వింటాను.

మందు చెప్పనివాడు లేడు.
మా ఓనరు గోధుమగడ్డి,
టిప్పరు డ్రైవరు పైడిరాజు గోమూత్రం,
మంగలి షాపులో ఎవరో పసుపు, మిరియం.
చక్కెర మానేయమన్నారు అందరూ.
బెల్లం సంగతి ఎవరూ తేల్చలేదు.
అత్తారిది అనకాపల్లి,
నేనూ అడగలేదు.

ఒక గురువారం కాంప్లెక్సులో పాడేరు బస్సెక్కాం.
ఘాటీ మలుపుల్లో రెండుసార్లు వాంతి.
కొర్రా బలరాం నా పొట్ట మీద చెయ్యి వేసి
చాలాసేపు కొండకేసి చూశాడు.
"నొప్పికి ఏరుంది బాబూ.
గడ్డకి నా దగ్గిర నేదు.
ఉందంటే డబ్బులొస్తాయి గానీ, నేదు."
ఎనభై రూపాయలు తీసుకున్నాడు.
నూకరత్నానికి మొదటి ముక్క వినబడింది,
నాకు మిగతాది.
తిరుగు బస్సులో
చెరో సగం ఒళ్ళో పెట్టుకుని కూచున్నాం.

మూడు వారాలకోసారి అగనంపూడి.
సీసా బొట్టుబొట్టుగా దిగుతుంది,
పైకప్పు మీద ఫ్యాను లెక్కపెడతాను, ఒకటే ఉంది.
"ఇంకేమైనా వాడుతున్నారా?"
నాలుగు నెలలు లేదమ్మా అన్నాను.
ఐదోసారి ఆ డాక్టరమ్మ
నా చొక్కా జేబు మీద ఆకుపచ్చ మరక చూసింది.
తిడుతుందనుకున్నాను.
"ఇంట్లో ఎవరు కాస్తారు?" అంది.

అంతే, నూకరత్నం నోరు విప్పింది.
ఎన్ని ఆకులు, ఎంత నీళ్ళు, ఏ గిన్నె,
మూత పెట్టాలా వద్దా.
నాకు కూడా అంత ఎప్పుడూ చెప్పలేదు.
డాక్టరమ్మ అన్నీ రాసుకుంది,
మందుల పేర్ల కింద, అదే అక్షరాలతో.
వేరు పొట్లం విప్పించి వాసన చూసింది.
"ఇది ఆపెయ్యండి, నొప్పికి నేనిస్తాను.
ఆకు సంగతి కూడా, లివర్ రిపోర్టు వచ్చేదాకా ఆగండి అమ్మా."
అమ్మా అన్నది నన్ను కాదు.

మర్నాడు నాలుగింటికి
మెలకువ వచ్చింది నాకు. తనకీ.
పొయ్యి వెలిగించింది.
ఏం చెయ్యాలో తెలీక
ఉత్త నీళ్ళు పెట్టింది.
మరిగాయి. ఇద్దరం తాగాం.

నిన్న రాత్రి డ్యూటీలో లారీలు ఆగిపోయాయి.
యారాడ కొండ మీద దీపం తిరుగుతోంది.
ఎందుకో వెళ్ళి కాటా మీద నిలబడ్డాను.
ఇరవై ఇరవైగా తప్ప లెక్క రాదు దానికి.
అరవై ఎనిమిదున్నప్పుడూ అరవయ్యే చూపింది,
అరవై రెండుకి దిగాక కూడా అరవయ్యే.
పిచ్చిది, దానికేం పట్టలేదు.
దాని మీద నాకు ప్రేమ పుట్టింది.

లోపలికొచ్చి చీటీ కొట్టాను.
వాహనం: లేదు.
సరుకు: లక్ష్మణఫలం ఆకు.
మొదటి తూకం: అరవై.

బయట పైడిరాజు హారన్ కొడుతున్నాడు.
రెండో తూకం గడి అలాగే వదిలి
చీటీ జేబులో పెట్టుకున్నాను,
మరక ఉన్న వైపు.