ఏడో సంపుటం

అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం
ఆరూ ఎనిమిదీ దొరికాయి. ఏడు లేదు.
ఆరులో కత్తివీరుడికి రెండు కళ్లు,
ఎనిమిదిలో ఒకటే.
మధ్యలో ఏం జరిగిందో
పదకొండేళ్లు నేనే అల్లుకున్నాను.

సిల్క్ బోర్డు దగ్గర 500డి కదలనప్పుడల్లా
తేజోవర్ధన్ అడిగేవాడు: "ఈసారి ఎలా పోయింది?"
గురువే పీకాడన్నాను. అప్పుకి తాకట్టు పెట్టాడన్నాను.
ఒకసారైతే, అగర దాటేలోగా,
ఓ రాక్షసి ముత్యమనుకుని మింగేసింది.
తెలుగు రాని కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు.

నిన్న చర్చ్ స్ట్రీట్‌లో కనబడింది,
ప్లాస్టిక్ తొడుగులో, ఆరువందల తొంభై తొమ్మిది.
బస్సెక్కి గోటితో చించాను.
కుడి నుంచి ఎడమకి, ఇప్పుడు వేళ్లు తడబడవు.
మొదట్లో తెలీక
చచ్చినవాళ్లు లేచి కూర్చునేదాకా చదివేవాణ్ణి.

నూట పన్నెండో పేజీ. వాన. ముళ్లకొమ్మ.
గుర్రం మీద తల వంచడం మరిచాడు.
అంతే.
అగ్గిపెట్టెంత గడి,
చప్పుడుకో అక్షరమైనా వెయ్యలేదు.
పక్క పేజీలో అన్నం తింటున్నాడు.

ఒళ్లు మండింది.
దీనికా పదకొండేళ్లు!
రిచ్‌మండ్ రోడ్డు మలుపులో
తడిసిన కొమ్మ ఒకటి కిటికీలోంచి దూసుకొచ్చింది.
నేను వంగాను.

తేజోవర్ధన్ మెసేజ్: "ఏడు దొరికిందా?"
"ఎక్కడరా!" అని కొట్టి
పుస్తకాన్ని టిఫిన్ డబ్బా కిందికి తోశాను.
"సరే, అయితే చెప్పు, ఈసారి ఎలా పోయింది?"

వాన పడుతోంది, అని మొదలుపెట్టాను.