ఆ సెవి నాదే

ఎలచ్చన్లప్పుడు పలాస కాంప్లెక్స్ ఎదర ఫ్లెక్సీ కట్టినారు.
ఎనకాల మంచుకొండ, ముందర ఆయన,
నెత్తిమీద మా పటాలం టోపీ.
పక్కన కత్తిరించీసిన కాడ
ఒక బుజమూ సగం సెవీ మిగిలిపోనాయి.
ఆ సెవి నాదే.

మా గుంటలకి సూపిత్తే నవ్వుతారు.
“సెవికి పేరుంతాదేటి తాతా?”

నిజానికి నాను యుద్దమేటీ సెయ్యనేదు.
పోస్టులో వంటోణ్ణి.
ఆయనొత్తాడని రెండ్రోజుల ముందే కబురు.
గోతులు తవ్వడం ఆపీసి
రాళ్లకి సున్నం కొట్టినాం.
నీళ్లు మోసే కంచరగాడిద మీద
కుర్చీలెక్కించినాం.
ఆ రెండ్రోజులూ మంచు కరగబెట్టుకు తాగినాం.
సుట్టం గుమ్మంలోకొత్తే
మాసిన బట్టలు మంచం కిందకి తోసీసినట్టు
యుద్దాన్ని తోసీసినాం.
అవతలోడు కూడా ఆ పూట గుండెయ్యనేదు.

నలబై నిమిషాలున్నాడు.
ఇసక సంచులు ముట్టుకున్నాడు.
గుండు తునకొకటి ఏరి
సంతలో సింతపండు తూసినట్టు
అరసేతిలో తూసి
జేబులో ఏసుకున్నాడు.
తర్వాత నా బుజం మీద సెయ్యేసి
“ఏ ఊరు మనది?” అన్నాడు.

ఆ సలిలో తెలుగు ఇని ఆర్నెల్లు.
నా కళ్లంట నీళ్లు.
“మందస కాడ సార్.”
“ఏం తక్కువైంది మీకు? నిజం చెప్పు.”

అడిగినాడు.
అడగనేదని అబద్దమాడను.

బూట్లు సాల్లేదు.
కిరసనాయిలు నెలకిచ్చింది పదిరోజులే వత్తంది.
సంబల్‌పూరు కుర్రోడికి కాలేళ్లు మూడు నల్లబడిపోతే
తమరికి కనబడకండా
కింద గుడారంలో పండబెట్టీసినాం.
ఇదంతా నాలిక కొసకొచ్చీసింది.
ఆయన ఎనకాల మేజరు గారి కళ్లు రెండు.

“ఏటీ తక్కువనేదు సార్. అంతా బాగున్నాది.”

పక్కనున్నోడు అదే రాసుకున్నాడు.

యుద్దం సూసొచ్చినోడికి ఏటి తెలిసిందని
టీకొట్టు కాడ మావోలు కొట్టుకు సస్తారు.
నాను నోరిప్పను.
బడికెళ్లినోణ్ణి తిడతారు గాని
పంతులే తప్పు సెప్పీసినాడని
ఎవులికి తెలుసు?

గాలివానొచ్చిన యేడు మళ్లీ ఒచ్చినాడు,
ఈపాలి మా ఊరికే.
జీడితోటలు ఏళ్లు పైకెట్టుకు పడున్నాయి.
రోడ్డుకడ్డం పడ్డ సెట్లని
ఆయన కారాగే కాడి వరకే నరికినారు.
“తమరుండబట్టి బతికినాం బాబూ” అన్నారు మావోలు.
నా మాటే, ఏరే గొంతుల్లో.

బైరి ఎండమ్మ ఒక్కతే
ఆయన సొక్కా సెయ్యి పట్టీసింది.
“ఇక్కడ కాదు నాయనా, ఈ కొసకి రా.”
మానులు దాటించింది. పంచె కొమ్మకి పట్టీసి సిరిగింది.
పోలీసోలు ఎనకాల పరిగెట్టినారు.
సెంబుతో బావినీళ్లు తెచ్చి ఇచ్చింది.
“నా కొడుకు తాగిన నీళ్లివే.
ఆడిప్పుడు వారానికి రెండుమాట్లు
సూదులెట్టించుకోడానికి పలాసెల్తన్నాడు. తాగు.”

పీయే సీసా అందిచ్చినాడు.
ఆయన సీసా సూసినాడు, సెంబు సూసినాడు,
ఎండమ్మని సూసినాడు.
ఒక్క గుటక.

అప్పుడు మొకం మారినాది.
కొండమీద ఆ మొకం నాను సూడనేదు,
నానిచ్చింది ఏలకులేసిన టీ మరి.

పైపొచ్చింది. బడి దాకా ఒచ్చింది.
ఎండమ్మ ఈదికి ఇంకా రానేదు.
ఒక గుటకకి ఎంత దూరం పైపొత్తాదో
లెక్క కట్టలేను.

మొన్న వానకి ఫ్లెక్సీ ఊడి పడితే
మా అల్లుడు తెచ్చి మేకలసాలకి కప్పినాడు.
పాలు పితకడానికి కూకుంతే
ఆయన మొకం నెత్తిమీదే.

నిన్న సందేల ఎవులూ లేరు.
నిలబడి, మడమలు దగ్గరెట్టి
ఆయనకి వినబడేటట్టు సెప్పినాను.
“బూట్లు సాల్లేదు సార్.”

మేకొకటి తలెత్తి సూసి
మళ్లీ మేతలో పడిపోనాది.