నీటివైపు నుంచి చదివితే

కాస్త్రోలో మా షెడ్డు కర్రకాళ్ల మీద నిలబడి ఉంటుంది.
పోటు వేళ నేలపలకల కింద సముద్రం
పిల్లిలా వచ్చి వీపు రుద్దుకుంటుంది.
ఆటు వేళ బురద, ఆల్చిప్పలు, ఎవరిదో ఒంటి బూటు.

సెకుందీనో మియాల్దేయో వానతోపాటే లోపలికొచ్చాడు.
గోనెపట్టాలో చుట్టిన చెక్కను బల్ల మీద పెట్టి
చంటిపిల్ల ముఖం మీది గుడ్డ తీసినట్టు విప్పాడు.
ఉల్మో చెక్క. పడవ వెన్నుపట్టె.
మూడు జానలు. అందులో ఒకటి పురుగు తినేసింది.
"మిగతాది పోయిన చలికాలం పొయ్యిలో పెట్టాం,"
అన్నాడు, లెక్క అప్పజెప్పినట్టు.
"దీంతో దాని పేరే రాయి. మనవరాలి పడవకి."

రొసాల్బా. ఏడు అక్షరాలు.

నా యంత్రం చుట్టూ తిరిగాడు,
సంతలో గిత్తను బేరమాడేవాడిలా.
పట్టాలు తడిమి, బెల్టు మీటి
"చెయ్యేది దీనికి?" అన్నాడు.
చూపించాను. చీమ తలంత మొన.
"ఇంతేనా!"

ఇంతే.
నిమిషానికి పద్దెనిమిది వేల చుట్లు తిరిగే మొండిది.
చెప్పిన దారిన పోతుంది. తప్పు చెబితే
ఆ తప్పునే వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కిపెడుతుంది.

ముందు సిప్రెస్ పలకలో గుంటలు తవ్వాను.
పచ్చటి పొట్టు లేచి షెడ్డంతా
నిమ్మతొక్కలో మిరియాలు నూరిన వాసన.
తర్వాత ఉల్మో. ఇందులో అక్షరం మిట్టగా లేవాలి,
కుడి ఎడమై, ఎడమ కుడై.
బోర్లించి దించితేనే గుంటకి మిట్ట దక్కేది.

అతను వంగి చూశాడు. మొహం నల్లబడింది.
"నేను చదివింది మూడో తరగతే.
కానీ ఈ పేరు నాకు తెలుసు. ఇది కాదు."
జిగురు గురించి, బోర్లించడం గురించి చెప్పబోయాను.
వినలేదు. చెక్కను బల్ల మీంచి ఊడదీసుకుని
తలకిందులు చేశాడు.
అలాగే ఉండిపోయాడు.

"నలభై ఏళ్లు," అన్నాడు కాసేపటికి.
"తెల్లారగట్ల చిన్న దోనె మీద
తెడ్డేసుకుంటూ దాని దగ్గరికి పోయేవాణ్ణి.
గాలి లేని రోజున ఇట్లాగే ఉండేది, నీళ్లలో.
పైనున్న పేరు తర్వాత. ముందు నేను చదివింది కిందిదే."

నేలలో నీళ్లు తోడుకునే తలుపొకటి ఉంది. తీశాను.
నిండు పోటు. చెక్కను అంచు మీద అట్లాగే పట్టుకున్నాడు.
కింద, పచ్చని చీకట్లో
పేరు కాళ్ల మీద లేచి నిలబడింది,
కాస్త వణుకుతూ, సరిగ్గా.

ఇద్దరం ఏమీ అనలేదు. తర్వాత నేనే
"జిగురు ఆరిపోతోంది," అన్నాను. అబద్ధం.
డబ్బా మూత ఇంకా తీయనేలేదు.

బోర్లించాం, బిగించాం. రాత్రంతా బిగింపులోనే.
పొద్దున వీపు కోసేస్తే లోపల్నుంచి ఎర్రటి అక్షరాలు,
గోరు దూరే సందు లేదు.
బి పొట్టలో మాత్రం ఒక పురుగు తొలిచిన బెజ్జం.
పూడుస్తానంటే వద్దన్నాడు.
"అదీ ఈ పడవ ఎక్కిందే."

కూలికి డబ్బులో సగం. మిగతా సగానికి
నల్ల బంగాళాదుంపల బస్తా, పొగబెట్టిన ఆల్చిప్పల దండ.

మర్నాడు మనవరాలు మారిసెల్ వచ్చింది పలక కోసం.
అక్షరాల మీద చెయ్యి వేయలేదు,
వెనక్కి తిప్పి నాలుగు మూలలూ చూసి
"బోల్టులు తుప్పు పట్టనివే కదా?" అంది.