మాఘంలో పులస

బండి ఎప్పుడూ మొహం రోడ్డు వైపు పెట్టే ఆపుతాను.
తాళం బ్యాగులో వెయ్యను, వేలికే ఉంటుంది ఉంగరంలా.

పాలకొల్లు నుంచి పదకొండు కిలోమీటర్లు.
నాలుగేళ్ల కిందట ఇవి స్వర్ణ పండిన చేలు.
ఇప్పుడు పసుపు రాళ్లు, సిమెంటు ఆర్చి,
ఆర్చి మీద రెండు ఏనుగులు, ఒకదానికి తొండం విరిగింది.
లోపలికి ఒకటే దారి, కాలువ గట్టు.
బయటికీ అదే.
మిగిలిన మూడు పక్కలా రొయ్యల చెరువులు.
రాత్రీ పగలూ ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి,
ఇక్కడ ఎవరైనా అరిస్తే
ఆ కేక నీళ్ల మోతలోనే నానిపోతుంది.

బ్రోషర్‌లో ఈ సంగతి ఉండదు.
"ప్రశాంత వాతావరణం" అని ఉంటుంది.
ఆ మాట రాసింది నేనే.

చేరిన కొత్తలో సూర్యచంద్రరావు గారు బేరం నేర్పారు:
గజం ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి,
ఎప్పుడు లేచి వెళ్లిపోతున్నట్టు నటించాలి.
ఎప్పుడు నిజంగా వెళ్లిపోవాలో
లాకుల దగ్గర చేపలమ్మే పల్లాలమ్మ నేర్పింది.

"వచ్చినోణ్ణి ముందు నడవనియ్యి.
దారి చూపించడానికి చెయ్యి చాలు, వీపెందుకు?
కారెక్కమంటే కడుపులో తిప్పుద్దని చెప్పు.
నాకు చదువు రాదు, కారు ఫొటో తీసి పంపు.
తేడాగా అనిపిస్తే ఫోన్ చేసి
పులసుందా అని అడుగు."

మరి వరదలప్పుడో, నిజంగానే పులసలు దొరికే రోజుల్లో?

"అప్పుడు ధర అడక్కుండా రెండు కావాలను.
పుస్తెలమ్ముకుని తినేవోళ్లు కూడా ధర అడుగుతారే!"

మాఘమాసం. ఐదున్నర దాటింది.
ఆయన పేరు ఫోన్లో ఒకటి, కార్డు మీద ఒకటి.
ప్లాటు నలభై ఆరు, ఈశాన్యం, చిట్టచివర.
గజాలెన్నని అడగలేదు, లింకు డాక్యుమెంట్లు అడగలేదు.
"ఒక్కరే వచ్చారాండీ?" అన్నాడు.
"చీకటి పడితే ఇటు ఎవరూ రారేమో కదండీ?"

కొనేవాళ్లూ అడుగుతారు ఆ మాట.
అదే కష్టం ఈ పనిలో,
భయమూ బేరమూ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

ఫోన్ తీశాను.
"పల్లాలమ్మా, పులసుందా?"
అవతల తక్కెడ కింద పెట్టిన చప్పుడు.
"ఉందమ్మా. ఆర్చి దగ్గరికి పంపనా?"
"ఆయ్, ఆర్చి దగ్గరికే."

ఆయన నవ్వాడు.
"మాఘంలో పులసేంటండీ?
మాది నరసాపురమండి, నాకు తెలీదా?"

ఈ మాట పెట్టుకున్న రోజున ఇద్దరం అనుకోలేదు,
గోదారి నీళ్లు తాగినవాడే వస్తాడని.

"ఐసులో దాచిందండి" అన్నాను.
వెనక్కి అడుగులేస్తూ అన్నాను, బండి వైపు,
ఆయన చేతుల మీంచి చూపు తిప్పకుండా.
ఆయన రాలేదు నా వెంట. నిలబడ్డాడు.
ఆ నిలబడటం ఏ రకమో ఇప్పటికీ చెప్పలేను.

ఏడు నిమిషాలకి గట్టు మీద మోపెడ్ లైటు.
ఏడుకొండలు, వెనక పల్లాలమ్మ, ఒళ్లో బుట్ట,
బుట్టలో నాలుగు కొర్రమీన్లు, ఒక కత్తి.

"ఆలోచించుకుని చెప్తానండి" అని కారెక్కాడు ఆయన.

మంచివాడేనేమో.
నిజంగా ఈశాన్యం మూల కోసమే వచ్చాడేమో.
పోయిన కమిషన్ లక్షా ఇరవై అని
మర్నాడు ఆఫీసులో లెక్క కట్టి మరీ వినిపించారు.
పల్లాలమ్మ కూడా కొర్రమీన్లకి డబ్బులు తీసుకుంది, పెట్రోలు కలిపి.
"మాట మార్చాలే," అంది నోట్లు రొంటిన దోపుకుంటూ,
"నరసాపురం వోళ్ల దగ్గర ఇది చెల్లదు."

ఇప్పుడు మా మాట వేరే.
అది మీకు చెప్పను.