ముడత ఎటు దిక్కు

నర్సంపేట కాలేజీల ప్రొజెక్టర్ చెడిపోయి రెండేండ్లు.
పిల్లల దగ్గర మాత్రం
అద్దాలు పగిలిన ఫోన్లు పదిహేడు.
అందుకే ఈ ఏడు
రికార్డు పుస్తకంల పురుగు బొమ్మలు గీయమనలేదు,
ముప్పై సెకన్ల వీడియో తీయమన్న.
ఐదు మార్కులు.

ఒక్కొక్కటే వచ్చినయి.
నారుమడి మీద వేపపిండి చల్లే చెయ్యి.
పత్తికాయ చీరితే లోపల గులాబి రంగు పురుగు.
అజ్మీరా వెన్నెల వాళ్ల తండాల
లింగాకర్షక బుట్టను చూసి
"దిష్టికి కట్టిన్రా బిడ్డా?" అని అడిగే తాత.
ఒకడు ఎరువు సంచి మీది అక్షరాలు చదువుతుంటే
వాళ్ల కోడి అడ్డం వచ్చింది,
కోడికే లైకులు ఎక్కువ.

తాత పేరు పెట్టుకున్న మొగిలి తీసింది వేరు.
పాట పెట్టిండు, ఎర్రటి అక్షరాలు ఎగిరించిండు,
"మిర్చికి ముడత వచ్చిందా? ఇగో మందు!"
ఇరవై రెండు సెకన్లు.
నేనే చెప్పిన,
పొడుగైతే ఎవరు చూడరు, కత్తిరించు అని.
వాడు కత్తిరించింది
వాళ్ల పెద్దనాయిన నడుం వంచి
ఆకు తిప్పి చూసిన ఎనిమిది సెకన్లు.
నలభై వేల మంది చూసిన్రు.
క్లాసంతా బల్లలు చరిచింది,
నేను సుత చరిచిన.

దీపావళి దాటినంక ఒక పొద్దుగాల
ఖానాపురం నుంచి సారక్క వచ్చింది.
చేతిల బట్టల దుకాణం కవరు,
అండ్ల వాడిన మిరప కొమ్మలు.
"వీడియోల పిలగాడు ఏడీ?"
తిట్టనీకె వచ్చిందనుకున్న.
తిట్టలే.
కొమ్మ తీసి వాని బల్ల మీద పెట్టింది.
"నువ్వు చెప్పిన మందే కొట్టిన కొడకా, రెండు మార్ల.
మూడు వేలాయె. ముడత పోలే.
నేనేమన్న తప్పు కలిపిన్నా?"

మొగిలి ఆకు పట్టుకున్నడు.
అంచులు కిందికి వంగి ఉన్నయి,
బోర్లేసిన పడవ లెక్క.
మీదికి ముడిస్తే తామర పురుగు,
కిందికి ముడిస్తే తెల్లనల్లి,
దాని మందు దానిది, దీని మందు దీనిది.
రెండో పాఠం. పరీక్షల
వాడు అచ్చం అట్లనే రాసిండు కూడా.
భూతద్దం అడిగిండు, ఇచ్చిన.
చాలాసేపు చూసిండు.
"నువ్వు తప్పు కలపలే పెద్దమ్మా" అన్నడు,
ఆ మీది మాట గొంతుల్నే నిలిచింది.
నాది గూడ.

ఆ రాత్రే వీడియో తీసేసిండు.
అయినా అది తిరుగుతనే ఉన్నది
నెక్కొండల ఎవరి స్టేటస్‌లనో, గూడూరుల ఏ గ్రూపులనో,
వయ్యారిభామ గింజ లెక్క,
ఏ గట్టు మీద మొలుస్తదో.

రెండోది సారక్క చేన్లనే తీసిండు.
పాట లేదు. గాలి చప్పుడు, దూరంగ మోటరు.
గోటి సందుల నల్లమట్టి ఉన్న బొటనవేలు ఒకటి
ఆకును మెల్లగ తిరగేస్తది.
చాలాసేపు అంతే.
చివరికి వాని గొంతు:
"మీ చేన్ల ముడత ఎటు దిక్కున్నది? సూడున్రి."
తర్వాత మూడు సెకన్లు ఏమీ మాట్లాడడు.

కత్తిరియ్యమందామని
ఆ మూడు సెకన్ల మీదికి నా వేలు పోయి
ఆగింది.
ఆ మూడింట్లనే సారక్క నడుం వంచుతది,
వెనక నుంచి, సగమే కనబడుతది.

"ముఖం రాలేదేంది, మళ్ల తీయమను"
అని ఫోన్ చేసి కొట్లాడింది మొన్న.
చేను ఎట్లున్నదంటే
"కొత్త చిగురైతే సాఫుగనే ఉన్నది, సూద్దాం" అన్నది.

రెండు వందల పన్నెండు మంది చూసిన్రు.
మార్కుల కాగితంల ఒక్కొక్కరికి గడి ఒక్కటే.
వాని గడిల, మొదటిదానికి
నేను వేసిన ఐదుకు ఐదు
ఎర్రసిరాతోని అట్లనే ఉన్నది.